తొమ్మిదికి మొదలు, పన్నెండు దాటొద్దు

ఆగస్టు 2

నాన్నకి,

ఈ ఉత్తరాన్ని పార్సిల్ డబ్బాలో అన్నిటికన్నా పైన పెడుతున్నాను. ముందు ఇది చదివి తర్వాత మిగతావి విప్పు. నువ్వు ముందు అన్నీ విప్పేసి తర్వాత దీన్ని వెతుక్కుంటావని నాకు తెలుసనుకో. అయినా చెప్పడం నా వంతు.

ఇందులో సగం ఇటుకంత నల్లపెట్టె ఉంది. ఆ ఒక్క ఇంట్లో ఇద్దరు కాపురం ఉంటారు. ఒకరు కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటని మళ్ళీ పాటగా మారుస్తారు. రెండోవారు ఆ పాటకి బలం పోసి హెడ్‌ఫోన్స్‌లోకి పంపుతారు. మా ఆఫీసులో పాత టేపులు శుభ్రం చేసేటప్పుడు నేను ఇన్నాళ్లూ విన్నది దీంట్లోనే. కొత్తవి వచ్చాయి కాబట్టి దీన్ని నన్ను తీసుకెళ్లమన్నారు. పెన్‌డ్రైవ్‌లో నేను శుభ్రం చేసిన పాటలు రెండొందలున్నాయి.

ఎర్రదారం కట్టిన వైరు నేను అక్కడ వదిలేసి వచ్చిన కంప్యూటర్‌కి. పచ్చదారం కట్టింది కరెంటుకి. హెడ్‌ఫోన్స్ ముందువైపు పెద్ద రంధ్రంలో. పై వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ గారిని ఒక్క పావుగంట రమ్మని అడుగు.

ఇప్పుడు అసలు మాట. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పేదే నీకూ చెప్తున్నాను, కింద రెండు గీతలు గీస్తున్నాను చూడు: తొమ్మిదికి మొదలుపెట్టు, పన్నెండు దాటొద్దు. ముప్పై నాలుగేళ్లు పిండిమర పక్కన నిలబడ్డ చెవులు నీవి. రెండేళ్లుగా ఫోనులో నా గొంతు కూడా వినపడటం లేదంటున్నావు. ఉన్న కాస్త వినికిడినీ ఈ పెట్టె తినెయ్యకూడదు.

ఇంకో సంగతి. ఇక్కడ నన్ను పర్మనెంటు చేస్తామంటున్నారు. అయిదేళ్లు కదలకూడదు. అవునో కాదో సెప్టెంబరు పదిన రాసివ్వాలి. నాకిష్టమే, కానీ నీ చెవులు ఇలా ఉంటే నాకు కాళ్లు ముందుకు పడటం లేదు.

నీ చిట్టి

ఆగస్టు 8

నా బంగారు చిట్టితల్లికి, నాన్న వేలవేల దీవెనలు!

నువ్వన్నట్టే ముందు విప్పేశాను. ఉత్తరం కోసం డబ్బా తలకిందులు చేస్తే అది నా కాళ్ల దగ్గరే పడుంది. అమ్మా, ఏం పంపావే తల్లీ! నేను అయిదో తరగతి దాటనివాణ్ణి, నాకు మాటలు చాలవు. అయినా రాస్తాను, నువ్వు ఓపిక పట్టు.

మర అమ్మేశాక ముందుగదిలో ఒంటరిగా మిగిలిపోయిన కాటాబల్ల గుర్తుందిగా, దాన్ని కడిగి, ఆరబెట్టి, దుప్పటి పరిచి పెట్టెని దాని మీద కూర్చోబెట్టాను. ఎంత ముద్దుగా ఉందో! మొహాన ముక్కుపుడక లాంటి వెండి గుండీ. రోజూ మెత్తటి గుడ్డతో ఆ గుండీని తుడుస్తున్నాను. ఎలక్ట్రీషియన్ గారు దారాలు చూసి వైర్లు తగిలించి, వేరే చోట పనుందని పరుగెత్తాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మీ అత్త గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, చెవులకి గిన్నెలు బోర్లించుకున్నావేంటి, తల గానీ కారుతోందా?" అంది. అననీ. దాని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

చిట్టీ, పాట మొదలవలేదు. మొదలయ్యే ముందు పాడే ఆవిడ గాలి పీల్చుకుంది. నేను చప్పున వెనక్కి తిరిగి చూశాను, గదిలోకి ఎవరొచ్చారా అని! ఎవరూ లేరు. అరవై ఏళ్లుగా వింటున్న పాట, ఆవిడకి ఊపిరుందని ఇన్నాళ్లూ నాకు తెలీదు. చరణం మధ్యలో వయొలిన్ ఆయన కుర్చీ కిర్రుమంది. ఆయన సర్దుకుని కూర్చున్నాడన్నమాట! నేనూ సర్దుకుని కూర్చున్నాను. నవ్వకు. రాయి చప్పుడుని బట్టి పిండి మెత్తనో బరకో చెప్పినవాణ్ణి, నాకు అలాంటివే వినపడతాయి.

నీ మాట జవదాటలేదు. తొమ్మిదికే మొదలుపెట్టాను. మొదటిరోజు పదకొండు దగ్గర ఆగిపోయాను. రెండోరోజు కచ్చితంగా పన్నెండు. నిన్న మాత్రం ఆశ చావక పన్నెండున్నరకి వెళ్లిపోయాను. తప్పయిపోయింది తల్లీ.

ఒక్కటే చిన్న లోటు. వెనకాల సన్నగా హోరు. గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు. సాయంత్రం ఎలక్ట్రీషియన్ గారికి పెట్టి చూపించాను, "నాకేం హోరు వినపడట్లేదండీ" అన్నాడు.

ఉద్యోగం సంగతి నీకిష్టమైతే ఇంక ఆలోచన ఎందుకు? సరే అనెయ్.

ఆనందంతో కళ్లు మసకబారి అక్షరాలు వంకరపోయిన
నీ నాన్న

ఆగస్టు 13

నాన్నకి,

నీ ఉత్తరం బస్సులో చదివి పక్కావిడ చూస్తుండగానే నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను. ఆ కుర్చీ చప్పుడు తీసెయ్యమని మా ఆఫీసు పెద్దాయన అన్నాడు. నేనే ఉంచాను. అది వినడానికి నువ్వున్నావని అప్పుడు నాకు తెలీదు.

కానీ నాన్నా, మిగతాది చదివాక నవ్వు పోయింది. నాలుగు రోజుల్లోనే పదకొండు నుంచి పన్నెండున్నరా? నేను ఎప్పుడైనా పన్నెండు దగ్గరికి వెళ్తేనే చెవులు గింగురుమంటాయి. నువ్వు పన్నెండున్నరకి వెళ్లి కూడా హాయిగా ఉందంటే, రోజూ కాస్త కాస్త ఎక్కువ కావాల్సి వస్తోందంటే, దానర్థం నాకు తెలుసు. నీకు తెలీదు.

ఇక ఆ హోరు. ఎలక్ట్రీషియన్ గారికి వినపడలేదు, నీకు మాత్రం వినపడుతోంది. అంటే ఆ తుమ్మెద పెట్టెలో లేదు, నీ చెవిలో ఉంది. మా పెద్దాయనకీ ఇలాగే మొదలైంది. ముందు హోరు, తర్వాత పక్కన నిలబడి మాట్లాడినా "ఏంటీ?" అనడం. ఇప్పుడు ఆయన టేపుల్ని కళ్లతో చూస్తాడు, తెర మీద గీతలు చూసి మాకు చెప్తాడు. వినడం మాత్రం మా పని.

వెంటనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. పరీక్ష కాగితం నాకు పంపు. అప్పటిదాకా తొమ్మిది దాటకు. పన్నెండు మాట మర్చిపో, తొమ్మిది. అంతే.

చిట్టి

ఆగస్టు 18

నా ప్రాణానికి ప్రాణమైన చిట్టితల్లికి, దీవెనలు!

నువ్వు భయపడ్డ ఉత్తరం చూసి నేను భయపడ్డాను. నన్ను చూసి అత్త భయపడింది. ఇంట్లో పిల్లి ఒక్కటే నిబ్బరంగా ఉంది.

"తొమ్మిది దాటకు" అన్నావు. తొమ్మిది దాటకుండా ఎలా తల్లీ? తొమ్మిదికే కదా మొదలుపెట్టేది! తొమ్మిదికి మొదలుపెట్టి తొమ్మిదికే ఆపమంటే, విస్తరి వేసి ఆకలితో లేవమన్నట్టుంది. కోపంలో రాశావనుకున్నాను. కోపం తగ్గాక మళ్ళీ పన్నెండు అంటావని అక్కడికే వెళ్తున్నాను.

ఇంకో వింత విను. మొన్నటిదాకా వీణ నాకు ఎడమవైపు ఉండేది, తబలా కుడివైపు. నిన్న చూస్తే ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు! వీళ్లకేం పోట్లాట వచ్చిందా అని ఎంతసేపు ఆలోచించానో. చివరికి చూస్తే హెడ్‌ఫోన్స్ నేనే తిరగేసి పెట్టుకున్నాను. అత్త పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఆ సంతోషంలోనే నిన్న కాస్త హద్దు మీరాను. అబద్ధం ఆడను, రెండు దాకా వెళ్లిపోయాను. అత్త వంటింట్లోంచి అరిచింది, "రెండా! ఏం, మతి గానీ పోయిందా అన్నయ్యా, ఎక్కడో ఒకచోట ఆపవా?" అని. నాలుగుసార్లు పిలిచిందట, పలకలేదని అలిగింది.

డాక్టరు దగ్గరికి ఇప్పుడు వద్దులే. చెవిలో టార్చి వేసి చూస్తాడు, ఏవో గంటలు మోగిస్తాడు. నాకెందుకు ఆ గోల? నా చెవులు నాకు చాలు.

పదో తారీఖు మర్చిపోకు. సరే అని రాసిచ్చెయ్.

నీ నాన్న

ఆగస్టు 23

నాన్నా,

రెండు. నువ్వు రెండు అని రాశావు. నేను ఆ అంకెని నాలుగుసార్లు చూసుకున్నాను, నీ రాతలో ఒకటేమోనని.

ఇక్కడ ఎవరైనా రెండుకి పెట్టి చెవిలో పెట్టుకుంటే పక్కవాళ్లు లాగి అవతల పారేస్తారు. అలాంటిది నువ్వు వీణ ఎడమా కుడీ అని కబుర్లు చెప్తున్నావు. నీకు నొప్పి కూడా తెలియడం లేదంటే ఇంకేం మిగిలింది?

నీ మాట నమ్మకూడదని అత్తకి ఫోన్ చేశాను. "అవునే చిట్టీ, తొమ్మిదికి మొదలుపెడితే ఒంటిగంటా రెండూ, ఒక్కోరోజు అదీ లెక్కలేదు. పిలిస్తే పలకడు. పిడుగు పడ్డా పలకడు" అంది.

ఆ పెట్టె నేనే పంపాను. ఈ చేతులతోనే దారాలు కట్టి పంపాను. నీకు పాట ఇద్దామనుకుని నీ చెవులు లాక్కున్నాను. దయచేసి ఆపెయ్. డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లనంటే నేనే వస్తాను. అసలు నేను రావడమే మంచిదేమో. పర్మనెంటు ఉద్యోగం ఎవరికి కావాలి?

చిట్టి

ఆగస్టు 28

చిట్టికి, నాన్న దీవెనలు.

నీ ఉత్తరం చదివి పెట్టె మీద తువ్వాలు కప్పేశాను. రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడోరోజు తువ్వాలు ఎత్తి, తొమ్మిదికి మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకే ఆపేశాను. ఒక పాట, దాని వెనకాల ఇంకోటి. అంతే. అది కూడా దొంగతనంగా బెల్లం తిన్నట్టుంది.

హోరు మాట ఇంక ఎత్తను. ఎత్తితే నీకు నిద్ర పట్టదు.

కానీ తల్లీ, నా చెవుల కోసం నీ చేతిలో పని వదులుకుంటానంటావేంటి? నీ పని ఎలాంటిదో నాకు ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ నలుగురిలో "మా అమ్మాయి ఏదో ఆఫీసులో చేస్తోంది" అనేవాణ్ణి. ఇప్పుడైతే, పోయినవాళ్ల ఊపిరి మీద దుమ్ము తుడుస్తుంది మా అమ్మాయి అంటాను. అలాంటి పని ఎవరైనా వదులుతారా?

నీకొక మాట చెప్పాలి. రెండేళ్లుగా చెప్పాల్సిన మాట. కలం పట్టుకుంటే చెయ్యి రావడం లేదు. ఈ ఉత్తరంలో కాదులే.

నాన్న

సెప్టెంబరు 2

నాన్నకి,

నువ్వు చెప్పలేకపోతున్న మాట ఏంటో నాకు తెలుసు. ఆ హోరు పెరిగింది. లేదా ఒక చెవి పూర్తిగా మూసుకుపోయింది. నాకు బాధ కలుగుతుందని దాస్తున్నావు. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ ఇన్ని సంతోషాలుంటాయి కదా, ఈసారి ఒక్కటీ లేదు. దాంతోనే అర్థమైంది.

నిర్ణయం తీసుకున్నాను. పదో తారీఖు సోమవారం పొద్దున పదిన్నరకి మా పెద్దాయన చేతిలో కాగితం పెడతాను, వద్దని. రాసి సంతకం కూడా చేశాను, బ్యాగులో ఉంది. నెలాఖరుకి నీ దగ్గరుంటాను. నాకేం బాధ లేదు. ఇక్కడ ఇంకెవరో టేపులు తుడుస్తారు. నీ చెవిలో మాట్లాడటానికి ఇంకెవరున్నారు?

డాక్టరుకి చూపించాలి కాబట్టి ఒక్క సాయం చెయ్యి. పెట్టె ముందు వెండి గుండీ మీద తెల్ల చుక్క ఉంటుంది. నువ్వు రోజూ పాట వినేటప్పుడు ఆ చుక్క ఎక్కడుంటుందో, గుండ్రం గీసి చుక్క పెట్టి పంపు. ఎంత చప్పుడు ఎన్నాళ్లు విన్నావో ఆయన లెక్క కట్టాలి.

నీ చిట్టి

సెప్టెంబరు 8

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం నిన్న అందింది. చుక్కేంటా అని వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే, వెండి గుండీ మీద తెల్లచుక్క! నెల్లాళ్లుగా తుడుస్తున్నాను, ఒక్కరోజూ చూళ్లేదు. ఇదిగో, కింద గుండ్రం గీశాను. గడియారంలో అయితే ఏడు దాటి ఏడున్నర కాకముందు, అక్కడుంది చుక్క. ఎలక్ట్రీషియన్ గారు తగిలించిన రోజునుంచీ అక్కడే ఉంది. నేను కదపలేదు. అది తిరిగే గుండీ అని నాకెవరు చెప్పారు? అలంకారం అనుకున్నాను.

పైకి వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చాను. నీ మొదటి ఉత్తరం చూపించాను. రెండు గీతల మాట చదివి మెట్ల మీదే కూర్చుండిపోయి నవ్వాడు. "బాబాయ్, తొమ్మిదంటే పొద్దున తొమ్మిది కాదయ్యా, ఆ గుండీ మీది చుక్క గడియారం ముల్లులా తొమ్మిది వైపు ఉండాలని! మీ అమ్మాయి చప్పుడు ఎంత పెట్టాలో చెప్తే, మీరు టైమ్‌టేబుల్ పెట్టుకున్నారా?" అన్నాడు.

అవునమ్మా. నేను గోడ గడియారం చూసి తొమ్మిది కొట్టగానే కూర్చునేవాణ్ణి, పన్నెండు కొట్టేలోగా లేచేవాణ్ణి. రెండు అంటే మధ్యాహ్నం రెండు. భోజనం చల్లారిపోయిందని అత్త గోల.

నువ్వు చెప్పిన తొమ్మిదికి చుక్కని తిప్పి ఒక్క క్షణం విన్నాను. తలకాయ ఎగిరి కాటాబల్ల మీద పడిందనుకున్నాను! వెంటనే మళ్ళీ ఏడుకి తెచ్చేశాను. ఎలక్ట్రీషియన్ గారు ఆ ఏడు దగ్గర పెట్టుకుని విని, "ఇది నాకే సరిగ్గా వినపడట్లేదు. పక్కగదిలో దుప్పటి మడతపెట్టినంత చప్పుడు. దీన్ని పట్టుకునా మీరు ఊపిరీ కుర్చీ అంటున్నారు!" అన్నాడు. ఆ హోరు ఏమైందంటావా, కంప్యూటర్ ప్లగ్గు ఒక గోడకీ పెట్టె ప్లగ్గు ఇంకో గోడకీ ఉన్నాయట. రెండూ ఒకే బోర్డుకి మార్చాడు. తుమ్మెద ఎగిరిపోయింది. అది నా చెవిలోది కాదు, గోడలోదే.

తర్వాత ఆయన నా మొహం చూసి, "బాబాయ్, మీకు చెవుడని కదూ అందరూ అనుకునేది?" అన్నాడు.

ఇదే చిట్టీ ఆ మాట.

నాకు చెవుడు లేదు. ఎప్పుడూ లేదు. మర ఆడినన్నాళ్లూ చెవుల్లో దూది కుక్కుకుని నిలబడ్డాను, మా మేస్త్రీ నేర్పిన పద్ధతి. రాయి చప్పుడు కాళ్లకి తెలిసేది. నువ్వు వెళ్లిన కొత్తలో వారానికోసారి ఫోను చేసేదానివి. తిన్నావా, మందులేసుకున్నావా, సరే ఉంటాను. రెండు నిమిషాలు. తప్పు పట్టడం లేదు, నీ పనులు నీవి. ఒకరోజు లైను నిజంగానే బాగోలేదు, వినపడట్లేదన్నాను. వారం తిరిగేసరికి నీ ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు! నువ్వు ఏం తింటున్నావో, ఎవరితో పోట్లాడావో, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో, అన్నీ. పదకొండుసార్లు చదివాను. మళ్ళీ ఫోను వచ్చినప్పుడు లైను గంట కొట్టినట్టుంది. నేను మాత్రం "ఏంటీ? వినపడట్లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క అబద్ధానికి రెండేళ్లుగా ఉత్తరాలు వస్తున్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్లనిది కూడా అందుకే. గంట మోగిస్తే దొరికిపోతాను. అత్త పిలిస్తే పలకనిది కూడా చెవుడు వల్ల కాదు, పలికితే లేవాలని.

నీ ఉత్తరంలో "నెలాఖరుకి నీ దగ్గరుంటాను" అని చదివాక నిన్నంతా ఊరుకున్నాను. నిజం చెప్తున్నాను. ఊరుకుంటే నువ్వొస్తావు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నా బిడ్డ నా గుమ్మంలో ఉంటుంది. పొద్దున తొమ్మిదికి పాట పెట్టుకున్నాను. ఆవిడ గాలి పీల్చుకుంది. ఆ ఊపిరి దగ్గర ఇంక కూర్చోలేకపోయాను. దాన్ని నాకు వినిపించిన బిడ్డని, ఒక దొంగ చెవుడుకి కట్టి తెచ్చుకుంటానా?

ఈ ఉత్తరం నీకు అందేసరికి పన్నెండో తారీఖవుతుంది. పదో తారీఖు దాని కోసం ఆగదు. అందుకని కలం ఇక్కడ పెట్టి, అత్త దగ్గర ఫోను తీసుకుంటున్నాను. కొట్టినా తిట్టినా నీ ఇష్టం.

తా.క. చేశాను. ఉత్తరం నీకు తెలిసిన సంగతే అయినా పోస్టులో వేస్తాను, పడుండనీ.

నేను "చిట్టీ, నాకు వినపడుతుంది" అన్నాక నువ్వు చాలాసేపు ఏమీ అనలేదు. లైను తెగిందేమోనని అత్త ఫోను లాక్కోబోయింది. నేను ఇవ్వలేదు. తెగలేదని నాకు తెలుసు. తిట్టడానికి ముందు నువ్వు గాలి పీల్చుకున్నావు.